ప్రత్యేక ఉపాధ్యాయులు కావాలంటే ఏం చదవాలి? ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికేవాళ్లం. నలభై మంది పిల్లల ముందు గంటల తరబడి మాట్లాడగలం గాని, పెద్దల సభలో మైకు పట్టుకుంటే మాకు నోరు తడబడుతుంది. అయినా కార్యదర్శి గారు "మాస్టర్ సాబ్, ఈసారి మన పిల్లలకు పనికొచ్చే చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కాదనలేకపోయాం. సభలో తెలుగు చదివే కుటుంబాలు కూడా ఉన్నాయి కనుక తెలుగులోనే మనవి చేసుకుంటాం. మధ్యలో మా ఉర్దూ దొర్లితే మన్నించగలరు.

ముందుగా ఒక పిల్లవాని సంగతి చెప్పవలసి ఉన్నది. ఇది సుమారు పన్నెండేండ్ల కిందటి మాట. మూడో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. ఉర్దూ అక్షరాలు తెలిసినవారికి ఈ ఇబ్బంది అర్థమవుతుంది. ఒకే రూపం మీద కింద ఒక చుక్క పెడితే 'బే', మూడు పెడితే 'పే', పైన రెండు పెడితే 'తే'. ఆ చుక్కలు ఆ పిల్లవానికి ఒక్క చోట నిలిచేవి కావు. ఇవాళ 'బే' అన్నది రేపు 'తే' అనేవాడు. లెక్కలు మాత్రం నోటితో అడిగితే అందరికంటే ముందు చెప్పేవాడు. మేమేం చేశాం? బద్ధకస్తుడన్నాం. ఆఖరి బెంచీకి పంపాం. పిల్లలు వాణ్ని 'పాగల్' అని పిలుస్తుంటే విని కూడా విననట్టు ఊరుకున్నాం. ఒకనాడు వాళ్ల అమ్మ బడికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "ఇసే పాగల్ నక్కో బోలో సాబ్" అన్నది. మేము ఎన్నడూ ఆ మాట అనలేదమ్మా అని జవాబిచ్చాం. నిజమే, మేము అనలేదు. అన్నవాళ్లను ఆపనూ లేదు.

ఐదో తరగతిలో ఆ అబ్బాయి బడి మానేశాడు. పోయిన ఏడాది మా స్కూటరు చెడిపోతే ఒక రిపేరు దుకాణం దగ్గర ఆపాం. పని చేసిన కుర్రవాడు వాడే. మమ్మల్ని గుర్తుపట్టి సలాం చేశాడు. చేతిపని చక్కగా ఉన్నది. సామాను డబ్బాల మీద పేర్లు చదవలేడట, రంగులను బట్టి గుర్తుపెట్టుకున్నానన్నాడు. డబ్బులు వద్దంటే మేమే బలవంతాన చేతిలో పెట్టి వచ్చాం.

ఆ పిల్లవానికి ఉన్న ఇబ్బంది పేరేమిటో ఇవాళ్టికీ మేము చెప్పలేం. చెప్పే అర్హత మాకు లేదు. అది చూసి గుర్తించటానికి ఒక చదువు ఉన్నది. గుర్తించిన తరువాత నేర్పటానికి మరొక చదువు ఉన్నది. ఆ రెండో చదువు గురించే ఇవాళ మాట్లాడతాం.

ప్రత్యేక ఉపాధ్యాయుడు, అంటే జనం స్పెషల్ టీచర్ అనేవారు, చేసే పని ఏమిటి? జాలి చూపటం ఆయన పని కాదు. వినికిడి లేని బిడ్డకు మిగిలిన వినికిడిని వాడుకోవటం, మాట, సైగల భాష నేర్పటం. చూపు లేని బిడ్డకు బ్రెయిలీ నేర్పటం, కర్ర పట్టుకొని తనంతట తాను నడిచేట్టు చేయటం. బుద్ధి వికాసం నెమ్మదిగా ఉన్న బిడ్డకు ఒక పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నేర్పటం. చేతులు కడుక్కోవటమే తీసుకోండి. నల్లా తిప్పటం, చేతులు తడపటం, సబ్బు పట్టటం, రుద్దటం, కడగటం, నల్లా కట్టటం, తుడుచుకోవటం. మనకు ఒక్క పని, ఆ బిడ్డకు ఏడు పాఠాలు. ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఒక్కొక్క బిడ్డకు విడివిడిగా పాఠ ప్రణాళిక రాయాలి. మూడు నెలలకో ఆరు నెలలకో ఏ మేరకు నేర్చాడో చూసి మళ్లీ రాయాలి. ఇది కేవలం మంచి మనసుతో అయ్యే పని కాదని తమకే తెలుస్తున్నది.

అందుకే ఈ వృత్తికి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 1992లో పార్లమెంటు భారత పునరావాస మండలి చట్టం చేసింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అంటారు, పొట్టిగా ఆర్.సి.ఐ. ఈ మండలి 1993 జూన్ నుంచి చట్టబద్ధంగా పని చేస్తున్నది. ప్రత్యేక ఉపాధ్యాయుల కోర్సులు ఎలా ఉండాలో, ఏ సంస్థకు వాటిని నడిపే అనుమతి ఉన్నదో నిర్ణయించేది ఈ మండలియే. చదువు పూర్తి చేసినవారి పేర్లను కేంద్ర పునరావాస రిజిస్టరులో చేర్చుకొని ఒక నంబరు ఇస్తుంది. దానినే సి.ఆర్.ఆర్. నంబరు అంటారు. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎట్లాగో, స్పెషల్ టీచరుకు ఇది అట్లాగ. లైసెన్సు అని మనం అనుకునేది ఇదే. ఈ రిజిస్టరులో పేరు లేకుండా ఆ వృత్తి చేయటం నేరం. చట్టం 13వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జుర్మానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక్కడ మనవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటి ఉన్నది. మామూలు డి.ఎడ్., బి.ఎడ్. కోర్సులను చూసుకునేది ఎన్.సి.టి.ఇ., అనగా జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి. అది వేరు, ఆర్.సి.ఐ. వేరు. మేము చేసిన బి.ఎడ్. మామూలు బి.ఎడ్. దానితో మేము వినికిడి లేని పిల్లలకు స్పెషల్ టీచర్లం కాలేం. మన గచ్చిబౌలిలో 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత ఉర్దూలో బి.ఎడ్. చదివే వీలు మన పిల్లలకు దొరికింది. అది ఎంతో మేలు. అయితే మామూలు బి.ఎడ్. పట్టాతో స్పెషల్ టీచరు ఉద్యోగం వస్తుందని అనుకోరాదు.

ఇక చదువు దారులు. ఇంటర్మీడియెట్ అయినవారికి డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ ఉన్నది. రెండేండ్ల కోర్సు. ఇంటర్‌లో 50 శాతం మార్కులుండాలి. డిగ్రీ అయినవారికి బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్. దానికీ డిగ్రీలో 50 శాతం కావాలి. ఆ పైన ఎం.ఎడ్. స్పెషల్ కూడా ఉన్నది. రిజర్వేషను ఉన్నవారికి మార్కుల్లో సడలింపు ఉంటుంది. బి.ఎడ్. స్పెషల్ ఒకప్పుడు ఒక్క ఏడాది ఉండేది, 2015 నుంచి రెండేండ్లు చేశారు. 2020 జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయ విద్యను ఇంటర్ తరువాత నాలుగేండ్ల కోర్సు వైపు తిప్పుతున్నది. కావున కోర్సు ఎన్నేండ్లు, ఎవరికి అనుమతి అనేది చేరే సంవత్సరపు నిబంధనలు చూసి తెలుసుకోవాలి. పక్కింటి అమ్మాయి ఐదేండ్ల కింద చేసింది కదా అని కళ్లు మూసుకొని చేరరాదు.

చేరేటప్పుడే ఒక విభాగం ఎంచుకోవాలి. వినికిడి లోపం, దృష్టి లోపం, మేధో వైకల్యం, ఇట్లా. ఎవరు ఏ విభాగం చదివితే ఆ విభాగంలోనే రిజిస్ట్రేషను. కంటి డాక్టరు పంటికి వైద్యం చేయనట్టే.

మన పట్నంలో ఈ చదువుకు కరువు లేదు. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ సంస్థను నెలకొల్పింది. అప్పట్లో పేరు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ది మెంటల్లీ హ్యాండీక్యాప్డ్. ఆ పేరులోని మాట ఇప్పుడు ఎవరూ వాడరు. పేరు మార్చి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. మేధో వైకల్యం విషయంలో దేశం మొత్తానికి ఇదే పెద్ద సంస్థ. దేశం నలుమూలల నుంచి పిల్లలు రైలెక్కి ఇక్కడికి వచ్చి చదువుతున్నారు. మనం చార్మినార్ నుంచి బస్సెక్కితే చాలు. వినికిడి లోపానికి సంబంధించిన జాతీయ సంస్థ ముంబయిలో ఉంటే, దాని ప్రాంతీయ కేంద్రం కూడా మన సికింద్రాబాదులోనే ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968 నుంచి పని చేస్తున్నది. దూరవిద్యలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం బి.ఎడ్. స్పెషల్ నడిపింది. ఇన్ని ఉన్నా మూసీకి ఇవతల ఉన్న మన మొహల్లాల నుంచి అక్కడికి పోయిన పిల్లలు మాకు తెలిసినంతలో చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇక మేము సిగ్గుపడుతూ చెప్పవలసిన విషయం. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఇంటర్ పాసయింది. తమ్ముడికి పుట్టుకతో వినికిడి లేదు. చిన్నప్పటి నుంచి ఇంట్లో వాడి సైగలన్నీ అర్థం చేసుకునేది ఆమె ఒక్కతే. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి ఇంట్లో కూర్చొని లాడ్ బజారు గాజులకు రాళ్లు అతుకుతుంది. ఒకరోజు తల్లీకూతుళ్లు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆరు నెలల స్పెషల్ ఎడ్యుకేటర్ డిప్లొమా, ఉద్యోగం గ్యారంటీ, రంగురంగుల అచ్చు. "చేర్చమంటారా మాస్టర్ సాబ్?" అని తల్లి అడిగింది. మేము కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "బాగానే ఉన్నదమ్మా, చేర్చండి" అన్నాం. ఆ మాట అనటానికి మాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తల్లి చిట్టీ ఎత్తి ఇరవై ఐదు వేలు కట్టింది.

ఆరు నెలలయింది. సర్టిఫికెట్ వచ్చింది. అమ్మాయి ఒక బడికి ఉద్యోగానికి పోయింది. అక్కడి హెడ్‌మిస్ట్రెస్ మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ సి.ఆర్.ఆర్. నంబరు ఎంతమ్మా?" అని. అమ్మాయి బయటికి వచ్చి మాకు ఫోను చేసింది. "సర్, సి.ఆర్.ఆర్. నంబరు అంటే ఏమిటి సర్?" అన్నది. ఇరవై ఏండ్లుగా టీచరు ఉద్యోగం చేస్తున్న మాకు ఆ మాటకు అర్థం తెలియదు.

తరువాత కనుక్కున్నాం. ఆ కోర్సుకు ఆర్.సి.ఐ. అనుమతి లేదు. అనుమతి లేని కోర్సు ఎన్ని నెలలు చదివినా రిజిస్టరులో పేరు ఎక్కదు. డబ్బు అడగటానికి పోతే రశీదు వెనుక చిన్న అక్షరాల్లో తిరిగి ఇవ్వబడదు అని ఉన్నది చూపించారు. మేము ఆ తల్లి దగ్గరకు పోయి తప్పు మాదేనని ఒప్పుకున్నాం. ఆమె గాజుకు రాయి అతుకుతూనే, తల ఎత్తకుండా అన్నది: "మీ మీద కోపం లేదు మాస్టర్ సాబ్. మీరు చదువుకున్నోళ్లు కదా, మిమ్మల్ని అడిగితే చాలనుకున్నాం."

ఈ మాట మేము మరిచిపోలేం. బస్తీలో టీచరు మాటకు ఇంత విలువ ఉన్నది. ఆ విలువకు తగినట్టు మేము ఒక్క ఫోను చేసి కనుక్కోలేదు. ఆ వారమే అమ్మాయిని వెంటబెట్టుకొని మనోవికాస్ నగర్ పోయాం. రెండు బస్సులు మారి, వివరాలన్నీ కాగితం మీద రాసుకొని వచ్చాం. ఇప్పుడా అమ్మాయి వినికిడి లోపం విభాగంలో ఆర్.సి.ఐ. అనుమతి గల రెండేండ్ల డి.ఎడ్. రెండో ఏడాది చదువుతున్నది. మేము మొదటే సరిగ్గా చెప్పి ఉంటే ఈపాటికి ముగించి ఉండేది.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఇది. ఏ కోర్సులో చేరినా డబ్బు కట్టకముందే మూడు ప్రశ్నలు అడగండి. ఈ కోర్సుకు, ఈ సంస్థకు, ఈ సంవత్సరానికి ఆర్.సి.ఐ. అనుమతి ఉన్నదా? మండలి తన వెబ్‌సైటులో అనుమతి గల సంస్థల జాబితా పెడుతుంది, అందులో పేరు చూసుకోండి. గోడ మీద వేలాడే పటం చూసి నమ్మకండి. రెండో ప్రశ్న, ఏ విభాగం? మూడో ప్రశ్న, పరీక్ష ఎవరు పెడతారు, పట్టా ఎవరి పేరున వస్తుంది? ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే లేచి సలాం చెప్పి వచ్చేయండి.

చదువు ముగిసిన తరువాత కూడా పని ఉన్నది. రిజిస్ట్రేషనుకు దరఖాస్తు తామే చేసుకోవాలి, దానంతటది రాదు. వచ్చిన నంబరు జీవితాంతం చెల్లదు. ఐదేండ్లకొకసారి రెన్యూవల్ ఉంటుంది. ఆ మధ్య కాలంలో మండలి గుర్తించిన శిక్షణ తరగతులకు, సదస్సులకు పోయి పాయింట్లు సంపాదించాలి. ఇది విసుగు అనిపించవచ్చు గాని, నేర్పేవాడు నేర్చుకోవటం మానకూడదనే దాని భావం.

మన బంధువులు చికాగోలోనూ మరెక్కడెక్కడో ఉన్నారు కనుక ఒక్క మాట. అమెరికాలో వికలాంగ బాలలందరికీ చదువు హక్కు అనే చట్టం 1975లో వచ్చింది. అక్కడ టీచరు లైసెన్సు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది. మన దేశంలో రిజిస్టరు దేశమంతటికీ ఒకటే. హైదరాబాదులో పొందిన నంబరు ఢిల్లీలో కూడా చెల్లుతుంది. అమెరికా పోతే మాత్రం అక్కడి రాష్ట్రం నిబంధనలు వేరే చూసుకోవలసిందే.

ఉద్యోగాలున్నాయా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, ఇందులో ఇరవై ఒకటి చేర్చారు. ఆటిజం, చదువులో ప్రత్యేక ఇబ్బంది కూడా ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో ఇటువంటి పదిమంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని చెప్పింది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం 11,062 ఉపాధ్యాయ పోస్టులకు డి.ఎస్‌.సి. నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు, అందులో స్పెషల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్లు 220, సెకండరీ గ్రేడ్ టీచర్లు 796. రెండూ కలిపితే వెయ్యి పైచిలుకు. ఇది కాక మండలాల్లోని భవిత కేంద్రాల్లో రిసోర్సు పర్సన్లుగా పని చేసేవారున్నారు. ఆ జీతాలు గొప్పవి కావు, ఉద్యోగ భద్రతా తక్కువే. ఉన్నమాట చెప్పటం మా ధర్మం. ఏ పోస్టుకు ఏ అర్హతో, టెట్ ఏ పేపరు కావాలో ఆ నోటిఫికేషన్లోనే చదువుకోవాలి.

ఇక ఉర్దూ సంగతి. ఉర్దూ మీడియం పిల్లకు ఈ చదువు బరువా? బరువే. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. మా అమ్మాయి మొదటి ఆరు నెలలు రాత్రిళ్లు నిఘంటువు పక్కన పెట్టుకొని చదివింది. కాని మన పిల్లలకు ఇంకెవరికీ లేని ఒక లాభం కూడా ఉన్నది. పాతబస్తీలో వినికిడి లేని బిడ్డ తల్లి ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఆ ఇంట్లో కూర్చొని, ఆ తల్లి భాషలో, రోజూ ఏం చేయాలో చెప్పగల టీచరు ఎక్కడి నుంచి వస్తుంది? మరొక ముచ్చట. ఉర్దూ మనం కుడి నుంచి ఎడమకు రాస్తాం. అదే ఉర్దూను బ్రెయిలీలో ఎడమ నుంచి కుడికి చదువుతారు. ఆరు చుక్కలతోనే అక్షరాలన్నీ. మేము మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. మా మూడో తరగతి అబ్బాయికి చుక్కలే శత్రువులయ్యాయి, చూపు లేని బిడ్డకు ఆ చుక్కలే చదువు. ఏ బిడ్డకు ఏది అడ్డమో, ఏది దారో చూడగల మనిషి బడిలో ఉండాలి. మా బడిలో అప్పుడు లేరు.

ఆఖరుగా సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, ప్రతి ఏటా ఇంటర్ ఫలితాలు రాగానే ఒక ఆదివారం సంఘం కార్యాలయంలో కూర్చొని, అనుమతి గల సంస్థల జాబితా ముందు పెట్టుకొని, వచ్చినవారికి దరఖాస్తులు నింపి పెడదాం. మేము వస్తాం, ఆ అమ్మాయి కూడా వస్తానన్నది. రెండు, ఏడాదికి ఇద్దరు పిల్లలకైనా ఫీజు సంఘం నిధి నుంచి బదులుగా ఇవ్వండి, ఉద్యోగం వచ్చాక తీర్చే షరతు మీద. మూడు, మన ఇండ్లలో ఉన్న ఇటువంటి బిడ్డలను అతిథులు వచ్చినప్పుడు లోపలి గదిలో కూర్చోబెట్టకండి. డాక్టరుకు చూపించి సర్టిఫికెట్ తీసుకోండి, బడికి పంపండి. వాళ్లు బడిలో కనిపిస్తేనే వాళ్లకు టీచరు కావాలని అడగటానికి మనకు నోరు వస్తుంది.

స్కూటరు దుకాణంలో ఉన్న ఆ కుర్రవానికి ఇప్పుడు ఇరవై ఏండ్లు. చదువుకోవటానికి వయసు మించిపోలేదు. ఈసారి పోయినప్పుడు ఆ సంగతి కదిపి చూస్తాం. ఏమంటాడో తెలియదు. వద్దన్నా అనవచ్చు, ఆ హక్కు వానికి ఉన్నది. అయినా అడగటం మా బాధ్యత.